గజ్జికి క్రీమా, టాబ్లెట్టా? ఏది మేలు

బెంగళూరులో స్కిన్ ఓపీలో నర్సుగా చేస్తున్నా. తెలుగు మాట వినపడితే చాలు, పేషెంట్‌ని నా దగ్గరికే పంపిస్తారు. మారతహళ్ళి, బీటీఎం పీజీ హాస్టళ్ళల్లో ఉండే మన పిల్లలే ఎక్కువ. గజ్జి అని తేలగానే అడిగేది ఒకటే, "సిస్టర్, ఒళ్ళంతా క్రీమ్ పూసుకోవడం మావల్ల కాదు, టాబ్లెట్ రాయించండి, ఒక్కటి వేసుకుంటే పోతుందంట కదా."

ఒక్కటితో పోదు. ముందు క్రీమ్ సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామందికి నేను చెప్పేది అదే.

పర్మెత్రిన్ 5 శాతం క్రీమ్. చర్మంలో దూరి గజ్జి తెచ్చే సన్న పురుగుని చంపుతుంది, దాని గుడ్ల మీద కూడా కొంత పనిచేస్తుంది, రెండు నెలలు దాటిన పిల్లలకీ గర్భిణీలకీ కూడా డాక్టర్లు రాసే మందు. మెడ నుంచి అరికాళ్ళ దాకా రాసి 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చెయ్యాలి, వారం తర్వాత మళ్ళీ ఒకసారి. పెద్దవాళ్ళకి మామూలుగా ఒకసారికి 30 గ్రాముల ట్యూబు సరిపోతుంది. వినడానికి ఇంతే, తప్పు జరిగేది రాసేదగ్గర.

మొన్న ఒకబ్బాయి వచ్చాడు, రెండు ట్యూబులు అయిపోయాయి సిస్టర్, ఏం తగ్గలేదు, క్రీమ్ పనిచెయ్యట్లేదు అన్నాడు. చెయ్యి కిటికీ వెలుతురులో పెట్టి చూస్తే ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య సన్నటి బూడిదరంగు గీత, దారప్పోగంత, వంకరగా. పురుగు తొలుచుకుంటూ పోయిన దారి అది. ఎలా రాశావు బాబూ అంటే దురద ఉన్నచోటే అద్దానన్నాడు, అదీ రాత్రి ఏడింటికి రాసుకుని ఎనిమిదింటికి సాంబారన్నం కలుపుకుని తిని చేతులు కడిగేసుకున్నాడంట. పురుగు ఎక్కువగా కాపురం పెట్టేదే వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, అక్కడే మందు లేకుండా పోయింది, ఇంక క్రీమ్‌ది తప్పెలా అవుతుంది?

అందుకే నేను నోటితో చెప్పి వదిలెయ్యను, మామూలు మాయిశ్చరైజర్ నా చేతికే రాసి చూపిస్తా. అన్నం తిన్నాక, పడుకునే ముందు రాయాలి. గోళ్ళు కత్తిరించి గోళ్ళ కింద పాత బ్రష్‌తో రాయాలి (ఆ బ్రష్ తర్వాత పారెయ్యాలి), బొడ్డు, చంకలు, పిరుదుల మధ్య, మర్మాంగాలు, కాలివేళ్ళ సందులు, ఏదీ వదలకూడదు, సిగ్గుపడి వదిలేసినచోటే పురుగు మిగులుతుంది. మధ్యలో చేతులు కడిగితే చేతులకి మళ్ళీ రాయాలి. వీపుకి రూమ్మేట్ సాయం తప్పదు. పసిపిల్లలకైతే తలకీ ముఖానికీ కూడా, కళ్ళూ నోరూ వదిలి, డాక్టర్ చెప్పినట్టు.

ఇక టాబ్లెట్, ఐవర్‌మెక్టిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గజ్జికి అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది, కాబట్టి చిన్నచూపు చూడాల్సిన మందేం కాదు. రాసుకోవడంలో తప్పులుండవు, అదే దీని పెద్ద బలం. కానీ గుడ్లని చంపదు, అందుకే 7 నుంచి 14 రోజుల మధ్యలో రెండో డోసు తప్పనిసరి, దురద తగ్గిందని అది మానేసేవాళ్ళే మళ్ళీ వస్తారు. డోసు బరువుని బట్టి, 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు, కాబట్టి ఫ్రెండ్ స్ట్రిప్‌లోది తీసుకుని వేసుకోవద్దు. 15 కిలోల లోపు పిల్లలకీ గర్భిణీలకీ మామూలుగా ఇవ్వరు.

మరి ఏది మేలంటే, ఇంట్లో చిన్నపిల్లలో గర్భిణీయో ఉంటే క్రీమే, అందులో రెండో మాట లేదు. ఒక్కడే ఉండి ఓపిగ్గా రాసుకోగలిగినా క్రీమే. నలుగురైదుగురు ఒకే రూములో ఉండి, ఒకడు నైట్ షిఫ్టు ఒకడు డే షిఫ్టు, అందరూ సరిగ్గా రాసుకుంటారన్న నమ్మకం లేకపోతే డాక్టర్‌ని అడిగి టాబ్లెట్ మేలు. మరీ ముదిరితే రెండూ కలిపి ఇస్తారు.

మెడికల్ షాపువాడు ఇచ్చే మిక్స్‌డ్ క్రీములు మాత్రం ముట్టుకోకండి, వాటిల్లో స్టెరాయిడ్ ఉంటుంది, దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల పురుగు పెరుగుతూనే ఉంటుంది. వేపాకు, పసుపు నూరి రాస్తే చల్లగా ఉంటుందేమో గానీ దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. గోకి గోకి చీము పట్టిందంటే అది వేరే ఇన్‌ఫెక్షన్, ఒక్కోసారి కిడ్నీల దాకా పోతుంది, ఆలస్యం చెయ్యొద్దు.

ఏ మందైనా రూములో అందరూ ఒకే రోజు వాడాలి. నాకు దురద లేదుగా అక్కా అంటాడు పక్కవాడు, మొదటిసారి పురుగు పట్టినవాళ్ళకి దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది నాయనా. దుప్పట్లు, టవళ్ళు, వేసుకున్న బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. ఈ ఊరి వానల్లో ఆరవు అనుకుంటే కవర్లో మూటకట్టి వారం కదపకండి, మనిషి ఒంటి మీద లేకపోతే పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు.

మందు సరిగ్గా వాడినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. చచ్చిన పురుగుకి ఒళ్ళు చూపించే అలర్జీ అది. తగ్గలేదని మూడో ట్యూబు కొనుక్కుని రోజూ రాస్తే చర్మం మండి ఇంకా దురద పెడుతుంది. నాలుగు వారాలు దాటినా దురద పోకపోయినా, ఈలోపే కొత్త పొక్కులు వస్తున్నా ఓపీకి రండి, వచ్చే రోజు చేతులకి ఏమీ రాసుకోకుండా రండి, వేళ్ళ మధ్య గీత కనపడాలి నాకు.