వాటర్ ప్యూరిఫయర్: మెషీన్ మంచిదే, అమ్మేవాళ్లకే దాని సంగతి తెలీదు

మా ఇంట్లో ఈ ఆర్వో ప్లస్ యూవీ ప్యూరిఫయర్ పెట్టించి చాలా కాలమైంది. ఆర్వో అంటే నీళ్లని ఒత్తిడితో మెంబ్రేన్ అనే సన్నటి పొర గుండా పంపి లవణాల్ని ఆపేది, యూవీ అంటే అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపేది. మెంబ్రేన్ ఒకసారి మార్చాం, కార్బన్ ఫిల్టర్లు ఎన్ని మార్చామో లెక్క లేదు. మెషీన్ గురించి రాయడానికి పెద్దగా లేదు. చేయాల్సిన పని చేస్తోంది, చప్పుడు తక్కువ. ఏడు లీటర్ల ట్యాంకు నలుగురికి సరిపోతుంది, ఎండాకాలం చుట్టాలొస్తే చాలదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ గొడవ ఏ ఒక్క కంపెనీదీ కాదు. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా ఎక్కిన ప్రతి షోరూంలోనూ ఇదే వరస: ఆ డబ్బా లోపల ఏముందో దాన్ని అమ్మే మనిషికి తెలీదు.

ముందు మా నీళ్ల సంగతి చెప్పాలి. నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్ మాది. జలమండలి (హైదరాబాద్‌కి నీళ్లిచ్చే ప్రభుత్వ సంస్థ) నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, సంపులో బోరు నీళ్లతో కలుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ దిగుతుంది. దాన్ని ఏ బోరు దగ్గర నింపుకొచ్చారో డ్రైవర్‌కే తెలియాలి. నీళ్లలో కరిగిన లవణాలు (టీడీఎస్) ఎంతున్నాయో చూపించే, జేబులో పట్టే మీటర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది కదా, అది కొనుక్కుని కొన్నాళ్లు చూశాను. 250 చూపించిన రోజులున్నాయి, 900 దాటిన రోజులూ ఉన్నాయి. తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. 500 లోపు ఉన్నచోట ఆర్వో వాడకాన్ని నిషేధించమని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో కేంద్ర పర్యావరణ శాఖకు చెప్పింది కూడా.

అంటే ప్యూరిఫయర్ అమ్మేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘మీ ఇంటికి ఏ నీళ్లొస్తాయి?’ అని. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అందరూ అడిగింది ‘బడ్జెట్ ఎంత సార్?’ అనే. చెప్పిన బడ్జెట్‌కి ఇంకో నాలుగు వేలు కలిపితే కాపర్ వస్తుందన్నారు, ఇంకో మూడు వేలు కలిపితే ఆల్కలైన్ అన్నారు. ఆల్కలైన్ అంటే ఏంటి అని అడిగితే ‘ఆక్సిజన్ ఎక్కువుంటది సార్’ అన్నాడు ఒకతను. ఆల్కలైన్‌కీ ఆక్సిజన్‌కీ సంబంధమే లేదు, అది పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాల సంగతి.

కూకట్‌పల్లిలో ఒక పెద్ద షోరూంలో జరిగింది మాత్రం వివరంగా చెప్పాలి. ప్రమోటర్ కుర్రాడు రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల మెషీన్ నీళ్లు. కడ్డీలున్న ఒక పరికరం తెచ్చి రెండిట్లోనూ ముంచి స్విచ్ వేశాడు. చూస్తుండగానే నల్లా నీళ్లు పసుపు రంగుకి తిరిగి, తర్వాత బురదై, పైన తెట్టు తేలింది. మెషీన్ నీళ్లలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ‘చూశారా సార్, మీరు రోజూ తాగుతున్నది ఇదే’ అన్నాడు. పక్కన నిలబడ్డ పెద్దావిడ ‘అమ్మో’ అని బుగ్గలు నొక్కుకుంది.

ఈ తమాషా సంగతి నాకు ముందే తెలుసు కాబట్టి జేబులో ఉప్పు పొట్లం వేసుకునే వెళ్లాను. మెషీన్ నీళ్లు ఇంకో గ్లాసులో పట్టించి, అందులో చిటికెడు ఉప్పు కలిపి, మళ్లీ కడ్డీలు ముంచమన్నాను. ఈసారి నల్లా నీళ్లకంటే చిక్కటి బురద. కుర్రాడు స్విచ్ ఆపి ‘ఇదేంది ఇట్లయింది?’ అని నన్నే అడిగాడు. ఆ బురద నీళ్లలోంచి వచ్చింది కాదు, కడ్డీలోంచి వచ్చింది. అందులో ఒకటి ఇనుముది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పవుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారదు, రంగు రాదు. శుభ్రమైన కొబ్బరినీళ్లలో ఆ కడ్డీలు ముంచినా బురదే వస్తుంది. ఇదంతా చెప్పాక ‘మాకు ట్రైనింగ్‌ల ఇట్లనే చూపెట్టిండ్రు అన్నా’ అన్నాడు. అప్పటిదాకా సార్ అన్నవాడు అన్నా అన్నాడు, దాన్నిబట్టే అబద్ధం చెప్పడం లేదని అర్థమైంది. తను కూడా నమ్మే చూపిస్తున్నాడు పాపం. నాకు కోపం వచ్చింది ఆ ట్రైనింగ్ ఇచ్చినవాళ్ల మీద.

ఇంకో చోట ప్రెషర్ గురించి అడిగాను. మాది పై అంతస్తు, ట్యాంకు నెత్తి మీదే ఉంటుంది. పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే గానీ ఒక కేజీ ప్రెషర్ రాదు. మాకు అందులో మూడో వంతు కూడా ఉండదేమో, ఈ మెషీన్ పంపు దానికి పని చేస్తుందా అన్నది నా ప్రశ్న. సేల్స్‌మన్ షోరూంలో ఉన్న డెమో నల్లా విప్పి ‘ఫోర్స్ బాగానే ఉంది కదా సార్’ అన్నాడు.

చివరికి అసలు విషయాలన్నీ చెప్పింది ఇంటికొచ్చి బిగించిన సర్వీస్ అబ్బాయి. మూత తీసి ఒక్కో పైపు మీద వేలు పెట్టి చూపించాడు. షోరూంలో ‘టేస్ట్ అడ్జస్ట్‌మెంట్’ అని చెప్పిన చిన్న స్క్రూ నిజానికి టీడీఎస్ కంట్రోలర్. ఆర్వోలోకి వెళ్లని నీళ్లను కొంచెం తీసుకొచ్చి ఆర్వో నీళ్లలో కలుపుతుంది. జలమండలి నీళ్లైతే ఫరవాలేదు. మా ట్యాంకర్ నీళ్లకి దాన్ని ఎక్కువ తిప్పితే ఏ ఫ్లోరైడో నైట్రేటో తీసేయడానికి ఆర్వో కొన్నామో అదే మళ్లీ గ్లాసులోకి వస్తుంది. యూవీ క్రిముల్ని చంపుతుంది గానీ లవణాల్ని తీయదు కదా. అబ్బాయి ఆ స్క్రూని దాదాపు మూసేశాడు, ఇప్పటికీ అలాగే ఉంది.

కార్బన్ ఫిల్టర్ వాసన పోవడానికని షోరూంలో చెప్పారు. వాసన పోతుంది, నిజమే. కానీ దాని పెద్ద పని క్లోరిన్‌ని ఆపడం. క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పాడైపోతుంది. కొన్ని వందల రూపాయల ఫిల్టర్‌ని టైముకి మార్చకపోతే వేల రూపాయల మెంబ్రేన్ పోతుందన్న మాట. కొనేవాడికి ఇంతకంటే పనికొచ్చే మాట ఇంకోటి లేదు, అదే ఏ షోరూంలోనూ వినబడలేదు.

వేస్టేజీ సంగతి సరేసరి. ‘ఇందులో వేస్టే ఉండదు’ అన్నవాళ్లూ ఉన్నారు. మా ఇంట్లో లీటరు మంచినీళ్లకి రెండు లీటర్ల పైనే బయటికి పోతాయి. బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికీ బాత్రూం కడగడానికీ వాడుతున్నాం. మొక్కలకి పోయొద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. వారంటీలో ‘అన్నీ కవర్’ అన్నారు. కార్డు మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఫిల్టర్లు, మెంబ్రేన్ వర్తించవని ఉంది. బిల్లు కట్టేముందే చూపించి అడిగితే కౌంటర్ దగ్గరున్నాయన కార్డు తీసుకుని, నా ముందే మొదటిసారి చదివాడు.

ఈ ప్రమోటర్లని తిట్టి లాభం లేదు. పోయిన నెల మిక్సీల దగ్గర నిలబడ్డ పిల్లాడే ఈ నెల ప్యూరిఫయర్ల దగ్గర నిలబడతాడు. ఈఎంఐ ఎంత, ఏ కార్డుకి ఎంత డిస్కౌంట్, ఎక్స్ఛేంజ్‌కి ఎంత తగ్గుతుంది అంటే గడగడా చెప్తాడు. ఎందుకంటే నేర్పింది అదే, టార్గెట్ దాని మీదే.

మెషీన్‌కి నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది ఫిల్టర్ల ధరకి. బోరు, ట్యాంకర్ కలిసే నీళ్లు మీవైతే ఇలాంటి ఆర్వో తీసుకోండి. మారేడుపల్లిలో మా తమ్ముడికి ఏడాది పొడుగునా జలమండలి నీళ్లే. మట్టి, ఇసుక ఆపే సెడిమెంట్ ఫిల్టర్, యూవీ ఉన్న చిన్న మెషీన్ పెట్టుకున్నాడు, సగం ధరలో అయిపోయింది. దానికోసం షోరూంలో అరగంట వాదించాల్సి వచ్చిందట. ‘ఆర్వో లేకపోతే అది ప్యూరిఫయరే కాదు సార్’ అంటారట అక్కడ.