సొలారిస్ రిసోర్స్ పూల్స్: పదేళ్ల వాడకం తర్వాత

గచ్చిబౌలిలోని ఒక సంస్థలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా ఉంటూ, సన్ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్ సొలారిస్ 10 నడిచే, ఆ కంపెనీదే అయిన టీ5220 సర్వర్ల మీద రిసోర్స్ పూల్స్‌ను దాదాపు పదేళ్లు వాడాను. సొలారిస్ 9 కాలం నుంచీ ఉన్న ఈ సౌకర్యం, సర్వర్‌లోని ప్రాసెసర్లను సెట్లుగా విడదీసి, ఒక్కో సెట్‌ను ఒక పూల్‌కు జతచేసి, అందులో ఉంచిన ప్రాసెస్‌లు ఆ గిరి దాటకుండా చూస్తుంది. మా యంత్రంలో డేటాబేస్‌తో పాటు రిపోర్టుల బ్యాచ్ పనులు కూడా నడిచేవి. నెలాఖరున బ్యాచ్ మొదలైతే చాలు, డేటాబేస్ నత్తనడక పట్టేది. పూల్స్ పెట్టిన తర్వాత ఆ ఇబ్బంది పోయింది.

పని చేసే తీరు నాకు మొదటి నుంచీ నచ్చింది. ‘పూలాడ్మ్’ ఆదేశాన్ని మైనస్ ఈ తో ఇచ్చి సౌకర్యాన్ని ప్రారంభించాలి. మైనస్ ఎస్ తో అప్పటి స్థితిని ఈటీసీ డైరెక్టరీలోని ఫైలులో భద్రపరచాలి. ‘పూల్‌సీఎఫ్‌జీ’తో ఆ ఫైలులో సెట్లనూ పూల్స్‌నూ సృష్టించి, ఏ సెట్‌కు కనీసం ఎన్ని, గరిష్ఠంగా ఎన్ని ప్రాసెసర్లో చెప్పి, చివరగా పూలాడ్మ్‌కు మైనస్ సీ ఇచ్చి అమలు చేయాలి. అమలుకు ముందు మైనస్ ఎన్ కూడా జోడిస్తే, సర్వర్‌లో ఏమీ మారకుండానే తప్పులుంటే బయటపడతాయి. కనీస సంఖ్యల మొత్తం ఉన్న ప్రాసెసర్లను మించితే అక్కడే తిరస్కరిస్తుంది. ఆదేశాల్లోని కుండలీకరణాలు, సెమీకోలన్లు మనం టైప్ చేసే ఆదేశాలను చదివే షెల్‌కు వేరే అర్థమిస్తాయి కాబట్టి కొటేషన్లు మరిచిపోకూడదు. నేనైతే ఆ ఆదేశాలన్నిటినీ వేరే ఫైలులో రాసుకుని పూల్‌సీఎఫ్‌జీకి మైనస్ ఎఫ్ తో ఇచ్చేవాణ్ణి.

అసలు చిక్కు రెండు చోట్ల ఉండే కాన్ఫిగరేషన్‌తో వస్తుంది. ఫైలులో ఉన్నది ఒకటి, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో నడుస్తున్నది మరొకటి. పూల్‌సీఎఫ్‌జీకి మైనస్ డీ ఇస్తే మార్పు నేరుగా కెర్నెల్‌కే వెళుతుంది, ఫైలుకు ఆ సంగతే తెలియదు. ఒక నెలాఖరు రాత్రి ఒత్తిడి పెరగడంతో డేటాబేస్ సెట్‌ను 16 నుంచి 24కు ఇలాగే పెంచాను, కానీ పూలాడ్మ్ మైనస్ ఎస్ తో భద్రపరచడం మరిచిపోయాను. కొన్ని వారాల తర్వాత ప్యాచ్ కోసం సర్వర్‌ను రీబూట్ చేస్తే, అది ఫైలును చదువుకుని నిశ్శబ్దంగా 16కే తిరిగి వెళ్లింది. ఆ రాత్రి మేము క్వెరీలను, ఇండెక్సులను, డిస్కులను గంటల తరబడి జల్లెడ పట్టాము. తెల్లవారుజామున ఎవరో, పూల్స్ ప్రస్తుత స్థితిని చూపే ‘పూల్‌స్టాట్’ నడిపితే గాని కారణం కనబడలేదు. తప్పు నాదే అయినా, ఈ రెండింటికీ తేడా ఉందని హెచ్చరించే ఆదేశం ఒక్కటైనా ఉండవలసిందనే నా ఫిర్యాదు.

టీ5220 వాడేవారికి మరో మాట. ఇందులోని అల్ట్రాస్పార్క్ టీ2 చిప్‌కు గరిష్ఠంగా 8 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), కోర్‌కు 8 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరుసలు). పూల్స్ దృష్టిలో ఆ 64 కూడా వేర్వేరు ప్రాసెసర్లే. కానీ ఒక కోర్‌లోని ఎనిమిది థ్రెడ్లూ ఒకే ఎల్1 క్యాష్‌ను (కోర్ పక్కనే ఉండే చిన్న వేగవంతమైన మెమరీ), దశాంశ లెక్కలు చేసే ఒకే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్‌ను పంచుకుంటాయి. సంఖ్య మాత్రమే చెప్పి ప్రాసెసర్లను అటూఇటూ మారుస్తూ పోతే, ఒకే కోర్ డేటాబేస్‌కు సగం, బ్యాచ్‌కు సగం పంచుకుపోతుంది. కాగితం మీద గోడ కట్టినా లోపల ఒకే వంటగది అన్నమాట. అందుకే కెర్నెల్ వివరాలు చూపే ‘కేస్టాట్’ ఆదేశంలో కోర్ సంఖ్యలు చూసుకుని, ఫలానా ప్రాసెసర్లు ఫలానా సెట్‌కు అని పేరుపేరునా చెప్పడం అలవాటు చేసుకున్నాను.

భారాన్ని బట్టి సెట్లను తనంతట తానే సర్దే ‘పూల్‌డీ’ని కొన్నాళ్లు వాడి ఆపేశాను. నేను లెక్కపెట్టి వేసిన కోర్ల హద్దులు దాని సర్దుబాట్లకు నిలిచేవి కావు.

నడుస్తున్న ప్రాసెస్‌ను ఒక పూల్‌కు కట్టే ‘పూల్‌బైండ్’ ఆదేశం తాత్కాలిక అవసరానికే సరిపోతుంది. దానితో కట్టిన బంధం పిల్ల ప్రాసెస్‌లకు వస్తుంది గాని, సర్వీసు ఆగి మళ్లీ మొదలైతే నిలవదు. శాశ్వతంగా కావాలంటే, పనులను గుంపులుగా నమోదు చేసే ప్రాజెక్టు ఫైలులో పూల్ పేరు రాయడమో, జోన్ (ఒకే సర్వర్‌లో విడిగా నడిచే సొలారిస్ వాతావరణం) అయితే దాని కాన్ఫిగరేషన్‌లోనే పేర్కొనడమో మేలు.

పూల్స్‌తో తప్పని నష్టం ఒకటి ఉంది. ఒక సెట్ ఖాళీగా ఉన్నా ఇతరులు దాన్ని వాడుకోలేరు. మహిళల సీటు ఖాళీగా ఉందని మన సిటీ బస్సులో కూర్చున్నట్లు ఇక్కడ కూర్చోవడం కుదరదు. పగటిపూట మా బ్యాచ్ సెట్ అలాగే ఊరికే పడి ఉండేది. భారం రోజంతా మారుతూ ఉండేచోట వాటాలతో పనిచేసే ఫెయిర్ షేర్ షెడ్యూలర్‌నే సూచిస్తాను. డేటాబేస్ ఏ గంటలోనూ తగ్గకూడదనుకునేచోట మాత్రం పూల్స్‌కే నా ఓటు, మైనస్ ఎస్ మరిచిపోనివారికి.