ఎనిమిదేళ్ళు వాడిన నాణేల ఆల్బమ్: ఆ మెత్తదనమే కొంప ముంచింది

పేజీకి ఎన్ని అరలు, జిప్పు ఉందా లేదా, అట్ట గట్టిదా కాదా అన్నవి కొనేటప్పుడు అందరూ చూసుకునేవే. నేను చెప్పాలనుకున్నది ఒక్క సంగతి: పేజీల మెత్తదనం. 2016లో ఈ ఆల్బమ్ కొన్నప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. వేలు పెడితే అర సాగేది. నాణెం గీత పడకుండా జారి కూర్చునేది. పేజీ అద్దంలా ఉండేది కాబట్టి నాణెం బయటికి తీయకుండానే రెండు వైపులా చూసుకోవచ్చు. మొదటి ఏడాదే ఇద్దరు స్నేహితుల చేత కొనిపించాను. పోయిన ఏడాది ఆ ఇద్దరికీ ఫోన్ చేసి, నాణేలన్నీ వెంటనే బయటికి తీయండని చెప్పాల్సి వచ్చింది.

మాది విశాఖపట్నం. ఇంటి నుంచి సముద్రం నడిచి వెళ్ళే దూరం. కిటికీ గడియలకు ఏడాది తిరగకుండా తుప్పు పట్టే ఊరు. ఈ మాట గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి.

వానాకాలంలో ఒకరోజు మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, తాతయ్య ఇచ్చిన 1918 జార్జి రూపాయి (ఐదో జార్జి రాజు బొమ్మ ఉన్న వెండి రూపాయి) ఏ టంకశాలదని అడిగాడు. వెనక వైపు అడుగున ఉన్న పువ్వు కింద చిన్న చుక్క ఉంటే బొంబాయిది, లేకపోతే కలకత్తాది. ఆ చుక్క నాకు బాగా గుర్తు. అయినా చూసి చెబుదామని బీరువాలోంచి ఆల్బమ్ తీశాను. తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన. ఎనిమిదేళ్ళ పాత వస్తువుకు కొత్త వాసన ఎందుకని అప్పుడు అనిపించలేదు, అనిపించాల్సింది. భూతద్దం పెట్టి చూస్తే చుక్క లేదు. అది ఉండాల్సిన చోట లేత ఆకుపచ్చ జిగురు, పువ్వు రేకుల సందుల్లో కూడా అదే. రాజు ముఖం మీద మాత్రం అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే మసక లాంటిది. నాణెం తీయబోతే పేజీకి అంటుకుని, చిన్న చప్పుడుతో ఊడి వచ్చింది. వేలికి జిడ్డు తగిలింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రూపాయి విలువ గురించి కాదు. తాతయ్య దాన్ని నలభై ఏళ్ళు దాచి, మచ్చ లేకుండా నా చేతిలో పెట్టారు. నేను దాచిన ఎనిమిదేళ్ళలో అది ఇలా అయింది.

జరిగింది ఇదీ. పేజీలు పీవీసీవి. పీవీసీ సహజంగా గట్టి ప్లాస్టిక్, మన ఇంటి నీళ్ళ గొట్టాలు దానితో చేసినవే. దాన్ని ఇలా మెత్తగా, సాగేలా చేయడానికి నూనె లాంటి రసాయనాలు కలుపుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ అవి పేజీలోంచి ఊరి బయటికి వస్తాయి. ఆ జిడ్డూ, ఆ కొత్త వాసనా వాటివే. పీవీసీ పాతబడేటప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ కూడా వదులుతుంది. అది గాలిలోని తేమతో కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. నాణెంలోని రాగిని ఆ ఆమ్లం తింటుంది, ఆకుపచ్చ రంగు అక్కడి నుంచే వస్తుంది. వేడి, తేమ ఎంత ఎక్కువైతే ఇది అంత త్వరగా జరుగుతుంది. మా ఊళ్ళో రెండింటికీ కొరత లేదు.

వెండి నాణేనికి రాగి నుంచి వచ్చే పచ్చదనం ఎందుకు పడుతుందని నాకూ అనుమానం వచ్చింది. అందుకని ఒకే పేజీలో ఉన్నవన్నీ వరసగా పేర్చి చూశాను. జార్జి రూపాయిలో 91.7 శాతం వెండి, మిగతాది రాగి. దానికి పచ్చదనం సందుల్లోనే ఉంది. ఖమ్మం నుంచి మా అత్తయ్య తెచ్చిన నిజాం చార్మినార్ రూపాయిలో వెండి 81.8 శాతమే. నడిమి కమానులో ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మొదటి అక్షరం ఉంటుంది కదా, ఆ కమాను మొత్తం పచ్చగా పూడిపోయింది. యుద్ధకాలంలో వెండి కరువై సగం వెండితో కొట్టిన 1944 లాహోర్ రూపాయి పరిస్థితి ఇంకా ఘోరం. అందులో 40 శాతం రాగి, ముఖమంతా బూజు పట్టినట్టే. చిల్లు కాణీలు కంచువి, వాటి గతి ఇక చెప్పనక్కర్లేదు. ఆ పేజీలోనే ఉన్న 1947 పులి బొమ్మ రూపాయి పూర్తిగా నికెల్. దానికి జిడ్డు అంటింది, అంతే. రాగి ఎంత ఎక్కువ ఉంటే దెబ్బ అంత గట్టిగా తగిలింది. పుస్తకంలో చదివితే ఇంత బాగా అర్థమయ్యేది కాదు.

నిజానికి 2019లోనే ఒక సూచన కనిపించింది. అప్పుడు రెండు మూడు అరల్లో నూనె చెమరించినట్టు ఉంటే నా చేతి చెమట అనుకుని గుడ్డతో తుడిచి మూసేశాను. అప్పుడే తీసి ఉంటే మసక వరకే ఉండేది.

శుభ్రం చేయడానికి వాడాల్సింది స్వచ్ఛమైన అసిటోన్. గోళ్ళ రంగు తుడిచే మందు కాదు, అందులో నూనెలు, సెంటు కలుపుతారు. గాజు గిన్నెలో పోసి నాణేన్ని మునిగేలా ఉంచాను. పది నిమిషాలకు పాత అసిటోన్ పారబోసి కొత్తది పోశాను. పువ్వు సందుల్లో మాత్రం తడి దూది పుల్లను ఒత్తకుండా దొర్లించాను. రుద్దితే గీతలు పడతాయి. కిటికీలన్నీ తీసి, గ్యాసు పొయ్యికి దూరంగా చేయాలి, చటుక్కున అంటుకునే ద్రవం అది. మూడో స్నానానికి చుక్క మళ్ళీ కనిపించింది. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను. అయితే రాజు చెంప మీద సూది మొనతో పొడిచినట్టు నాలుగైదు గుంటలు మిగిలాయి. జిడ్డును అసిటోన్ తీసేస్తుంది గానీ ఆమ్లం తిన్న లోహాన్ని తిరిగి తేలేదు. లాహోర్ రూపాయి బూడిద రంగులోనే ఉండిపోయింది.

చాలామంది ఈ మసకనూ, పాత వెండికి దానంతట అదే పట్టే రంగునూ (దాన్ని టోనింగ్ అంటారు) ఒకటే అనుకుంటారు. రెండూ వేరు. దీనికి నా దగ్గరే సాక్ష్యం ఉంది. తాతయ్య మరో రూపాయిని, 1912ది, కిరాణా పొట్లం కాగితంలో చుట్టి ట్రంకు పెట్టెలో పడేశారు. దాన్ని నేను ఆల్బమ్‌లో పెట్టలేదు, ఆ పొట్లం విప్పబుద్ధి కాలేదు. ఈ గొడవ తర్వాత విప్పి చూస్తే అంచు చుట్టూ నీలం, దాని లోపల వంకాయ రంగు, ఇంకా లోపలికి బంగారు పసుపు. అంత అందమైన నాణెం నా దగ్గర మరొకటి లేదు. చౌక కాగితంలో, గాలిలో ఉండే గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పొర కడుతుంది. పొర వెంట్రుక కన్నా వందల రెట్లు పలచన. వాన నీటి మీద పెట్రోలు చుక్క రంగులు చూపించినట్టే ఆ పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. మొదట పసుపు, తర్వాత వంకాయ రంగు, నీలం, బాగా మందమైతే నలుపు. అసిటోన్ ఆ రంగుల జోలికి పోదు, అందుకే అది నాకు నచ్చింది.

అలాగని నాణేలను పొట్లం కాగితంలో చుట్టమని కాదు. ఆ రంగులు ఎక్కడ ఆగుతాయో మన చేతిలో లేదు, అదే ట్రంకులోని ఇంకో అర్ధరూపాయి బొగ్గులా నల్లబడింది. నల్లబడినదాన్ని మా పిన్ని దేవుడి గిన్నెలు తోమినట్టు విభూతితో తోమి తళతళలాడించింది. ప్రేమతోనే చేసింది, నేను ఏమీ అనలేదు. దాని మీద ఇప్పుడు వేల సన్నగీతలు ఉన్నాయి, పాత వెండికి ఉండే మెరుపు లేదు. చింతపండు, పళ్ళపొడి, షాపులో అమ్మే వెండి మెరుగు ద్రవం, అన్నిటిదీ ఇదే దారి. పొరతో పాటు కింది లోహం కూడా పోతుంది.

ఇప్పుడు మంచివన్నీ గట్టి అక్రిలిక్ క్యాప్సూళ్ళలోకి, అంటే ఒక్కో నాణెం పట్టే మూత డబ్బీల్లోకి మార్చాను. మిగతావి పాలిస్టర్ కిటికీ ఉన్న అట్ట హోల్డర్లలో ఉన్నాయి. అవీ లోపాలు లేనివి కావు. అట్టకు కొట్టే పిన్నులు మా ఊళ్ళో తుప్పు పడతాయి. పాలిస్టర్ బిరుసుగా ఉంటుంది, నాణేన్ని లోపల జారిస్తే గీస్తుంది. ఆ పాత పేజీల సుఖం వీటిలో లేదు, నిజం చెప్పాలి. క్యాప్సూల్ కూడా అన్నిటినీ ఆపదు. అమెరికాలో ఉండే మా బావగారు తెచ్చిన కెనడా మేపుల్ లీఫ్ వెండి నాణేనికి క్యాప్సూల్‌లోనే తెల్ల మచ్చలు వచ్చాయి. ఆ మచ్చలు దాచడంలో తేడా వల్ల కాదు, తయారీలోనే పుట్టేవి. కెనడా టంకశాల వాళ్ళే 2018లో వాటిని తగ్గించే కొత్త పద్ధతి తెచ్చారు. డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేస్తున్నాను, వానాకాలంలో వాటిని రెండుసార్లు ఎండబెట్టుకోవాల్సి వస్తోంది.

కొత్త పేజీ ఏదైనా కొనేముందు ఒక చిన్న ముక్కతో పరీక్ష చేస్తున్నాను. రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్‌కు తాకించి, మళ్ళీ మంటలో పెడితే పచ్చ మంట వస్తుందా అని చూడాలి. వస్తే అందులో క్లోరిన్ ఉన్నట్టే, కొనకూడదు. ఆరుబయట, పొగ పీల్చకుండా చేయండి. పాత ఆల్బమ్ ముక్క పెడితే చిలకపచ్చ మంట లేచింది.

మరి ఈ ఆల్బమ్ కొనొచ్చా? నా వెండికీ, రాగికీ, ఈ సముద్రపు గాలికీ వద్దు. అనంతపురం లాంటి పొడి ఊళ్ళో ఉండి, ఇప్పటి స్టీలు నాణేలే పెట్టుకుని, ఆరు నెలలకోసారి తీసి చూసుకునేవాళ్ళకు ఇంత నష్టం జరగకపోవచ్చు. నేను కొనిపించిన ఇద్దరిలో ఒకరి దగ్గర అలాంటివే ఉన్నాయి, వాటికి జిడ్డు తప్ప ఏమీ కాలేదు. రెండో ఆయనది గాజువాక, ఆయన ఆల్బమ్ నిండా చార్మినార్ రూపాయలే. ఇంకా తెరవడానికి ధైర్యం చాలడం లేదట. ఈ ఆదివారం అసిటోన్ సీసా, గాజు గిన్నె పట్టుకుని నేనే వాళ్ళింటికి వెళ్తున్నాను.