తార్నాక నుంచి వనస్థలిపురానికి: మూడేళ్లు వాడిన మా హ్యామ్ డేటా లింకు

2020 అక్టోబరు వానలకు వనస్థలిపురంలో మా మిత్రుడి కాలనీ నీట మునిగిన రాత్రి, తార్నాకలో ఉన్న నేను హ్యామ్ రేడియోలో (లైసెన్సుతో నడిపే ఔత్సాహిక రేడియోలో) 144 మెగాహెర్ట్జ్ బ్యాండు మీద అతనితో మాట్లాడగలిగాను గానీ, ఏ వీధిలో ఎవరెవరు చిక్కుకున్నారో ఆ పేర్లు రాసుకోవడానికే గంటకు పైగా పట్టింది. ఒక్కొక్క పేరునూ రెండేసి సార్లు చెప్పించుకోవలసి వచ్చింది. మాటతో పాటు జాబితా, ఫొటో, పటం కూడా పంపగల సొంత లింకు ఉండాలన్న పట్టుదల మాకు ఆ రాత్రే కలిగింది. మరుసటి ఏడాది మొదలుపెట్టిన ఆ లింకును మూడేళ్లకు పైగా వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు డాబాల మీద బిగించే 24 డెసిబెల్ (సిగ్నల్ హెచ్చుతగ్గులను కొలిచే ప్రమాణం) గెయిన్ గల జాలీ డిష్‌లు రెండు కొని, వాటితో వచ్చిన సాఫ్ట్‌వేర్ తీసివేసి, అమెరికా హ్యామ్‌లు ఉచితంగా అందిస్తున్న ఏఆర్‌ఈడీఎన్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాము. ఛానెల్, దాని వెడల్పు, నెట్‌వర్క్ పేరు ఒకటే అయితే నోడ్‌లు (లింకులోని ఒక్కొక్క డిష్) ఒకదానినొకటి గుర్తుపట్టి, దారిని తామే వెతుక్కుంటాయి. నోడ్‌కు మన కాల్‌సైన్‌తో (లైసెన్సుతో వచ్చే గుర్తింపు అక్షరాలతో) పేరు పెట్టడం తప్ప పెద్దగా చేయవలసింది లేదు. అయితే అందులో కనిపించే ఛానెళ్లన్నీ మనకు చెల్లవు. ఈ డిష్‌లు పనిచేసే 5 గిగాహెర్ట్జ్ పరిధిలో మన దేశపు హ్యామ్‌లకు ఉన్నది 5725 నుంచి 5840 మెగాహెర్ట్జ్ వరకే కనుక, ఛానెల్ వెడల్పుతో సహా ఆ హద్దుల లోపల ఉండేటట్లు చూసుకోవాలి. హ్యామ్ బ్యాండులో సందేశాన్ని రహస్య లిపిలో దాచకూడదు, వ్యాపార వ్యవహారం నడపకూడదు. అందుచేత ఇంటి వై-ఫైకి ఉండే పాస్‌వర్డ్ రక్షణ ఈ లింకుకు ఉండదని ముందే తెలుసుకుని దిగాలి.

మమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టింది నాయిస్, అంటే మన సిగ్నల్‌కు అడ్డొచ్చే ఇతర రేడియో సందడి. 5725 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు 2018లో లైసెన్సు అవసరం లేకుండా చేశారు కాబట్టి, నగరంలో ప్రతి రెండో అపార్టుమెంటు మీది డిష్ అక్కడే పలుకుతుంది. 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో పగలు చక్కగా నడిచిన లింకు రాత్రి ఎనిమిది దాటితే కుంటుపడేది. వెడల్పును 10కి తగ్గించాము. వెడల్పు సగమైతే రిసీవర్‌లోకి వచ్చే నాయిస్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది, ఖాళీ చోటు దొరకడమూ సులువవుతుంది. గరిష్ఠ వేగం సగానికి పడిపోయినా, రాత్రి వేళ కూడా ఇంటర్‌కమ్ ఫోన్, చాట్, ఒక కెమెరా తడబడకుండా నడుస్తున్నాయి. నా దృష్టిలో ఈ మూడేళ్లలో మేము తీసుకున్న అతి మంచి నిర్ణయం ఇదే.

రెండు డాబాల నడుమ దూరం సుమారు 11 కిలోమీటర్లు. బైనాక్యులర్‌లో అవతలి వాటర్ ట్యాంకు కనబడింది కదా అని సంబరపడ్డాము, కానీ అది సరిపోదు. ఈ దూరానికి దారి మధ్యలో ఫ్రెజ్నెల్ జోన్ (చూపు గీత చుట్టూ రేడియో తరంగాలకు కావలసిన ఖాళీ చోటు) వ్యాసార్ధం దాదాపు 12 మీటర్లు. అందులో కనీసం అరవై శాతం, అంటే చూపు గీతకు చుట్టూ ఏడు మీటర్ల మేర అడ్డు ఉండకూడదు. లెక్క ప్రకారం మైనస్ 60 డీబీఎం రావలసిన సిగ్నల్ మాకు మైనస్ 66 వచ్చింది (మైనస్ పక్క అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనమైనట్లు). రెండో ఏడు నాగోలు వైపు ఒక అపార్టుమెంటు లేచింది. స్లాబు పడిన ప్రతిసారీ సిగ్నల్ రెండు మూడు డెసిబెల్స్ చొప్పున దిగుతూ, ఆఖరి అంతస్తుకు మైనస్ 81 దగ్గర ఆగింది. ఆ అంకెలను నోట్‌బుక్‌లో తేదీలతో రాసుకుంటూ పోవడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది.

అప్పుడు ఉప్పల్‌లోని ఒక సీనియర్ హ్యామ్ తన డాబా ఇచ్చారు. అక్కడ రెండు డిష్‌లు, మధ్యలో చిన్న స్విచ్ పెట్టాము. తార్నాకకు నాలుగు కిలోమీటర్లు, వనస్థలిపురానికి ఎనిమిది. కరెంటు ఇచ్చిన కొద్ది నిమిషాలకే నెట్‌వర్క్ పాత దారిని వదిలి కొత్త దారి పట్టింది. మా రెండిళ్లలో ఒక్క సెట్టింగు మార్చలేదు. దారిని తనే వెతుక్కునే ఇలాంటి నెట్‌వర్క్‌ను మెష్ అంటారు; అదేమిటో నాకు ఆ పూట అర్థమైంది. రెండు డిష్‌లూ స్విచ్ కలిపి పాతిక వాట్లు కూడా తినవు కాబట్టి, ఆయన ఇంటి ఇన్వర్టర్ మీద రాత్రంతా నడుస్తాయి.

కేబుల్ విషయంలో మాత్రం పొదుపు చేయవద్దు. కోఠి గుజరాతీ గల్లీలో చవకగా దొరికిన ఇంటిలోపలి రకం కేబుల్ రెండో వేసవికే ఎండకు పెళుసెక్కి పగిలింది. డిష్ మూత తీసి చూస్తే ప్లగ్గు పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంది; పగులులో దిగిన వాననీరు తీగ వెంబడే లోపలికి చేరింది. ఇప్పుడు బయట వాడే నల్ల తొడుగు కేబుల్ వేసి, డిష్ కింద ఒక వంపు వేలాడేటట్లు వదిలాము. నీరు ఆ వంపు దగ్గరే కారిపోతోంది.

ప్రతి సంక్రాంతికీ జాలీకి మాంజా చుట్టుకుంటుంది. చేతులకు తొడుగులు వేసుకుని కత్తెరతో తీయాలి. లాగితే డిష్ దిశ తప్పుతుంది. ఉప్పల్‌లో డిష్‌లు బిగించిన పైపును మరో ఆరడుగులు పెంచే పనిని కూడా అందుకే ఈసారి గాలిపటాల రోజులు దాటాక పెట్టుకున్నాము.