పొడి నింపే మిషన్: మూడేళ్ళ వాడకం, కారే పిండితో తిప్పలు

మాది ఆమదాలవలస. ఇంటి ముందు గదిలోనే అత్తయ్యా నేనూ పొడులు ప్యాక్ చేసి కొట్లకు వేస్తాం. చోడి (రాగి) పిండి, కారం, పసుపు, మునగాకు పొడి, నువ్వుల పొడి. ఎక్కువగా పోయేవి వంద గ్రాముల ప్యాకెట్లు. మొదట్లో గరిటెతో పోసి ఒక్కొక్కటీ కాటా మీద తూచేవాళ్ళం. గంటకు అరవై, డెబ్బై ప్యాకెట్లు దాటేవి కావు. మూడేళ్ళ కిందట, చిన్న ఆహార తయారీదారులకు కేంద్రం పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో లోను తీసుకుని, 35 శాతం సబ్సిడీ మీద స్క్రూ ఫిల్లింగ్ మిషన్ కొన్నాం. ఇప్పుడు గంటకు రెండు వందల దాకా అవుతున్నాయి.

పైన పొడి పోసే గరాటు లాంటి స్టీలు హాపర్, దాని కింద గొట్టం, గొట్టంలో నిలువుగా స్క్రూ. కాలితో పెడల్ నొక్కితే స్క్రూ మనం పెట్టినన్ని చుట్లు తిరిగి ఆగుతుంది. చుట్టుకు ఇంత అని పొడి కిందికి దిగుతుంది. ఇక్కడ ఒక మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. ఈ మిషన్ తూచదు, కొలుస్తుంది. శేరుతో కొలిచినట్టే. పొడి గుల్లగా ఉంటే అదే కొలతకు తూకం తగ్గుతుంది, దిగగొట్టినట్టుంటే పెరుగుతుంది. ఇది తెలియక నేను మూడు నెలలు మిషన్‌నే తప్పుపట్టాను.

ఇబ్బంది మొదటి నెలలోనే మొదలైంది. స్క్రూ ఆగాక కూడా గొట్టం నుంచి పిండి సన్నగా కారేది. రెండు గ్రాములు, ఒక్కోసారి మూడు. తూకం ఎక్కువ పోవడం ఒక నష్టం. అంతకంటే పెద్ద నష్టం, ఆ కారిన పిండి కవరు మూతి లోపలి అంచుకు అంటుకోవడం. పిండి అంటిన చోట సీలు అతకదు. పైకి బాగానే కనిపిస్తుంది, కొట్లో నాలుగు రోజులు దండకు వేలాడాక విడిపోతుంది. నరసన్నపేటలో ఒక కొట్టాయన పద్దెనిమిది ప్యాకెట్లు వాపసు ఇచ్చారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చోడి పిండి పసిపిల్లల జావకు కొంటారు. సీలు ఊడిన ప్యాకెట్ మా పేరుతో ఒక ఇంటికి వెళ్ళిందంటే నేను తట్టుకోలేను.

మిషన్ అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే ‘స్పీడ్ తగ్గించండి మేడం’ అన్నారు. తగ్గించినా కారింది. తర్వాత కొత్త స్క్రూ వేయించుకోమన్నారు. డబ్బు పెట్టే ముందు అసలు ఎప్పుడు కారుతోందో చూద్దామనుకున్నాను. వరుసగా ఇరవై ప్యాకెట్లు తూచి, తూకం, టైము, హాపర్‌లో పిండి ఎంతవరకు ఉందో నోట్‌బుక్‌లో రాశాను. వారం రోజులు అదే పని.

రెండు సంగతులు తేలాయి. హాపర్ నిండుగా ఉన్నప్పుడు తూకం ఎక్కువ, పావు వంతుకు దిగితే తక్కువ. ఇక బాగా కారే రోజులన్నీ పిండి ఆడించి తెచ్చిన రోజులే. నోట్‌బుక్ చూసుకుంటూ పైకే చదువుతుంటే అత్తయ్య విని, ‘మర నుంచి దించింది దించినట్టు పోసేస్తన్నావేటమ్మా? సల్లారితే గానీ పిండి కుదురుకోదు’ అంది. అదే కారణం. అప్పుడే ఆడిన పిండి వేడిగా, మధ్యలో గాలి నిండి ఉంటుంది. నీళ్ళలా జారుతుంది. స్క్రూ ఆగినా తనంతట తానే దిగిపోతుంది. ఆ రోజు నుంచి పిండిని పళ్ళేల్లో పరిచి, పల్చటి గుడ్డ కప్పి, రాత్రంతా వదిలేసి మర్నాడు నింపుతున్నాం. హాపర్ ఎప్పుడూ సగం నుంచి ముప్పావు మధ్యలో ఉండేలా కొద్దికొద్దిగా పోస్తున్నాం. సగానికి పైగా కారడం దీనితోనే ఆగింది.

మిగిలిన దానికి కారణం మిషన్‌లో ఉంది. ప్లగ్ పీకేసి, టార్చి వేసి గొట్టం కింది నుంచి చూస్తే స్క్రూకీ గొట్టానికీ మధ్య సందు ఒక పక్క ఎక్కువగా, ఒక పక్క బాగా తక్కువగా కనిపించింది. పైన స్క్రూను పట్టుకునే బోల్టు వదులైంది. బిగించి చేత్తో తిప్పి చూశాను, మధ్యకు వచ్చింది. ఇది తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదు. స్క్రూ గొట్టానికి రాసుకుంటే స్టీలు రజను పిండిలో కలుస్తుంది. గరగరమని శబ్దం వస్తే అక్కడికక్కడే ఆపేయండి. అయస్కాంతం పెట్టి చూశాం కదా అని ధైర్యపడకండి, ఇలాంటి మిషన్లలో వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అయస్కాంతానికి సరిగా అంటదు. అనుమానం ఉన్న పిండిని నేను పారబోస్తాను.

చివరి పని శ్రీకాకుళంలో ఒక లేత్ షాపు తమ్ముడు చేసిపెట్టాడు. స్క్రూ కొసకు గొట్టం కంటే కొంచెం చిన్నగా ఒక గుండ్రటి స్టీలు బిళ్ళ. స్క్రూ ఆగినప్పుడు పొడి దాని మీద నిలబడుతుంది, తిరిగినప్పుడు అంచుల నుంచి జారుతుంది. మూడు వందలు తీసుకున్నాడు. కొత్త స్క్రూ అవసరం రాలేదు. చోడి పిండికీ పసుపుకీ ఇది బాగా పనిచేస్తోంది.

తూకం విషయంలో నేను చాలా గట్టిగా ఉంటాను. ప్యాకెట్ సరుకుల తూకానికి ఉన్న 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం వంద గ్రాముల ప్యాకెట్ ఒక్కదానిలో 4.5 గ్రాములకు మించి తగ్గకూడదు. అలాగని అన్నిట్లో నాలుగేసి గ్రాములు తగ్గిస్తామంటే కుదరదు, మొత్తం మీద సగటు వంద ఉండాలి. నేను 101కి పెట్టుకుని, ప్రతి పదో ప్యాకెట్ కాటా మీద పెడతాను.

మిగతావి త్వరగా చెప్తాను. మోటర్‌కు ఏమీ కాలేదు. పెడల్ స్విచ్ ఒకసారి మార్చాం. వానాకాలంలో పొడి చెమ్మ పట్టి ఉండలు కడుతుంది, జల్లెడ పట్టనిదే హాపర్‌లో పోయకండి. పొడిగాలి రోజుల్లో స్టాటిక్ కరెంటు పుట్టి సన్నపొడి ప్లాస్టిక్ కవరుకు అంటుకుంటుంది, మిషన్‌కు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూపించుకోండి. పిండి దుమ్ము గాలిలో దట్టంగా లేస్తే నిప్పు అంటుకునే గుణం ఉంది, అందుకే ఆ గదిలో దీపం గానీ స్టవ్ గానీ పెట్టం. విప్పి కడిగి ఆరబెట్టడానికి గంట పడుతుంది. అందుకని రోజూ చోడి పిండి ముందు, కారం చివర.

చోడి పిండి, పసుపు, కారం చేసేవాళ్ళకు ఈ మిషన్ డబ్బుకు తగినదే. కొనే ముందు మీ పొడే రెండు కిలోలు తీసుకెళ్ళి, వాళ్ళ ఎదురుగా ఇరవై ప్యాకెట్లు నింపించి తూచండి. బొంబాయి రవ్వ, ఉప్పు లాంటి జారుడు సరుకు నింపేవాళ్ళు కారడం గురించి ఇంకా గట్టిగా అడగాలి. నూనె ఉన్న పొడులకు మాత్రం వద్దు. నువ్వుల పొడి స్క్రూ ఒత్తిడికి నూనె వదిలి గొట్టంలో ముద్దకట్టింది, తీయడానికి సాయంత్రం అయింది. దాన్ని ఇప్పటికీ అత్తయ్యా నేనూ గరిటెతోనే పోస్తున్నాం.