హెల్మెట్‌కి అంటించే లైట్ల కిట్లతో జాగ్రత్త: పాడయ్యేది లైట్లు ఒక్కటే కాదు

హెల్మెట్ చుట్టూ అంటించుకునే రంగుల ఎల్ఈడీ లైట్ల కిట్ కొందామనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. నాకూ మా తమ్ముడికీ కలిపి ఒకేరకం కిట్లు రెండు తెప్పించాను. రాత్రిపూట వెనకొచ్చే బండ్లకి బాగా కనబడతామని నా ఆశ, చూడ్డానికి బాగుంటుందని వాడి సరదా. లైట్లు కొన్నాళ్లకే పోయాయి. దాని గురించే అయితే ఇంత రాయక్కర్లేదు. తమ్ముడి హెల్మెట్ పెంకు బీటలిచ్చింది. లైట్ పట్టీ పీకేదాకా ఆ సంగతి మాకు తెలియదు. అప్పటిదాకా వాడు రోజూ అదే పెట్టుకుని తిరిగాడు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

పెట్టెలో రెండు లైట్ పట్టీలు, ఒక చిన్న నల్ల డబ్బా, చార్జింగ్ వైరు, చిన్న సీసాలో ఏదో ద్రవం, వాటితోపాటు ఒక కాగితం వచ్చాయి. సీసాలో మందుని దూదితో హెల్మెట్ మీద రుద్ది, ఆరాక పట్టీ అంటించమని, మూలలు లేస్తుంటే క్షణంలో అతికే గమ్ ఒక చుక్క వేయమని ఆ కాగితంలో ఉంది. సీసా మీద పేరు లేదు, లోపల ఏముందో రాయలేదు. మూత తీస్తే గోళ్లరంగు తుడిచే మందు వాసన గుప్పుమంది.

ముందుగా ఈ సీసా గురించే చెప్పాలి. మార్కెట్లో ఉన్న హెల్మెట్లలో చాలావాటి పెంకు పాలీకార్బొనేట్, ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌లలో ఏదో ఒకదానితో పోసినదే. దెబ్బని తట్టుకోవడంలో రెండూ గట్టివే, కానీ ఎసిటోన్ (గోళ్లరంగు తుడిచే మందులో ఉండేది), థిన్నర్, పెట్రోల్ లాంటివి వాటికి పడవు. పైన రంగూ పూతా ఉన్నచోట కొంత కాపు ఉంటుంది. స్క్రూ రంధ్రాల దగ్గర, గాలి రంధ్రాల అంచుల్లో, గీసుకుపోయిన చోట్ల ప్లాస్టిక్ నేరుగా ఆ ద్రవానికి దొరుకుతుంది. అచ్చుపోసినప్పటి ఒత్తిడి, స్క్రూ బిగించిన ఒత్తిడి మిగిలి ఉండేదీ సరిగ్గా ఆ చోట్లలోనే. ద్రవం లోపలికి ఇంకిందంటే ఆ ఒత్తిడే ప్లాస్టిక్‌ని చీల్చుకుంటూ పోతుంది. దీన్నే స్ట్రెస్ క్రాకింగ్ అంటారు. రుద్దిన రోజున ఏమీ కనబడదు, పగులు తర్వాత నెమ్మదిగా పాకుతుంది. గమ్ సంగతీ అంతే. క్షణంలో అతికే గమ్ కూడా పాలీకార్బొనేట్‌కి మంచిది కాదు.

మా తమ్ముడి హెల్మెట్‌కి జరిగింది ఇదే. ఒకవైపు లైటు వెలగడం మానేసిందని పట్టీ పీకాను. దాని కింద, వైజర్ బిగించే స్క్రూ చుట్టూ వెంట్రుకంత సన్నని గీతలున్నాయి. పైపై గీతలేమో అనుకుని గోరు అడ్డంగా లాగితే, గోరు గీతలో తట్టుకుని ఆగింది. వైజర్ విప్పి, లోపలి గుడ్డ పక్కకి తీసి, టార్చి వేసి చూస్తే రంధ్రం నుంచి అంచుదాకా ఒక గీత సాగిపోయి ఉంది. బొటనవేలితో నొక్కితే అక్కడ కిర్రుమంది. ఆ హెల్మెట్ ఎప్పుడూ కిందపడింది కాదు, దెబ్బ తిన్నదీ కాదు. నా హెల్మెట్ ఫైబర్‌గ్లాస్‌ది, దాని పెంకు మీద నాకు తేడా ఏమీ కనబడలేదు.

అలాగని ఫైబర్‌గ్లాస్ హెల్మెట్ ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండడానికి లేదు. ఏ హెల్మెట్‌లోనైనా నిజంగా తలని కాపాడేది పెంకు కింద ఉండే మందపాటి థర్మోకోల్ పొర. అది ఈపీఎస్, మామూలు థర్మోకోల్ జాతిదే, కాకపోతే లెక్క ప్రకారం సాంద్రత చూసి పోస్తారు. దెబ్బ తగిలినప్పుడు అది నలుగుతూ, తల ఆగడానికి ఇంకాస్త వ్యవధి ఇస్తుంది. పార్సిల్‌లో సామాను కదలకుండా పెట్టిన థర్మోకోల్ ముక్క ఒకటి ఇంట్లో ఉంటే, దాని మీద ఆ సీసాలోంచి ఒక్క చుక్క వేసి చూశాను. పడ్డచోట చుయ్‌మంటూ కుంగి, చూస్తుండగానే గుంట పడింది. హెల్మెట్ పైన గాలి రంధ్రాలు ఉండేది గాలి లోపలికి వెళ్లడానికే. దూదిలోంచి కారిన ద్రవమూ అదే దారిన లోపలికి దిగుతుంది. దిగినచోట థర్మోకోల్ కరిగితే మీకు బయటినుంచి తెలిసే దారే లేదు, ఎందుకంటే అది పెంకుకీ గుడ్డకీ మధ్య ఉంటుంది.

ఇదేదో నా భయం కొద్దీ రాస్తున్నది కాదు. అమెరికా హెల్మెట్ ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 218 ప్రకారం ప్రతి హెల్మెట్ మీదా ఈ హెచ్చరిక ఉండి తీరాలి: మామూలుగా దొరికే కొన్ని పదార్థాలు తగిలినా హెల్మెట్ బాగా దెబ్బతినవచ్చు, ఆ దెబ్బ వాడేవారికి కనబడకపోవచ్చు, హెల్మెట్‌కి ఏ మార్పులూ చేయొద్దు. చాలా కంపెనీల హెల్మెట్ల లోపల గుడ్డ కింద ఇలాంటి చీటీ ఒకటి ఉంటుంది. రంగు, స్టిక్కర్, పెట్రోల్, ద్రావకాలు వాడొద్దని అందులో రాస్తారు. మీ హెల్మెట్ లోపల చీటీ తీసి ఒకసారి చదవండి. కిట్ కాగితం చేయమన్నదీ, హెల్మెట్ చీటీ వద్దన్నదీ ఒకటే పని.

ఇక లైట్ల విషయం. ఎల్ఈడీ అని అమ్మింది అసలు ఎల్ఈడీయే కాదు. ఎల్ఈడీ పట్టీ అయితే దగ్గరగా చూసినప్పుడు వరసగా చిన్న చిన్న చదరపు గింజలు కనబడతాయి, కత్తిరించుకోవడానికి మధ్యమధ్య గుర్తులుంటాయి. మాకొచ్చిన పట్టీలో గింజ అన్నది లేదు. కాగితంలా పలచగా ఉండి, పట్టీ మొత్తం ఒకేలా మెత్తగా వెలిగింది. అది ఈఎల్ పట్టీ, అంటే ఎలక్ట్రోల్యూమినిసెంట్. రెండు పొరల మధ్య పూసిన ఫాస్ఫర్ పొడి కరెంటుకి వెలుగుతుంది. దానికి బ్యాటరీ కరెంటు నేరుగా సరిపోదు. ఆ నల్ల డబ్బాలో ఇన్వర్టర్ ఉంటుంది, అది బ్యాటరీ ఇచ్చే కొద్ది వోల్టులని సుమారు వంద వోల్టుల ఏసీగా మారుస్తుంది. స్విచ్ వేయగానే డబ్బాలోంచి కీచుమని సన్నటి మోత మొదలవుతుంది. చేతిలో ఉన్నప్పుడు పెద్దగా పట్టదు. హెల్మెట్ వెనక అంటించి తల దూర్చాక, చెవి పక్కనే ఆ మోత ఆగకుండా వినబడుతుంటే వెనక బండి హారన్ మీద ధ్యాస నిలవదు. నాకు కాసేపటికే తలనొప్పి వచ్చేది.

కావలసినంత పొడవుకి కత్తిరించుకోవచ్చని కూడా కాగితంలో ఉంది. ఈఎల్ పట్టీని కోస్తే కోసిన అంచులో లోహపు పొరలు బయటపడతాయి. వెలుగుతున్నప్పుడు తడి చెయ్యి తగిలితే చురుక్కుమంటుంది. ప్రాణం మీదికి వచ్చేంత కరెంటు కాదు గానీ, బండి నడుపుతూ హెల్మెట్ సర్దుకునే క్షణంలో ఉలిక్కిపడితే చాలదా? పైగా ఆ ఫాస్ఫర్‌కి తేమ పడదు. వాటర్‌ప్రూఫ్ అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్నా, వానలో తడిశాక కోసిన చివరనుంచి నల్లమచ్చలు పాకుతూ వచ్చాయి. నిజంగా నీటికి ఆగే వస్తువైతే ఐపీ65, ఐపీ67 లాంటి అంకె ఒకటి వేస్తారు. దీనిమీద ఏదీ లేదు.

నిజమైన ఎల్ఈడీ పట్టీ అయితే ఫర్వాలేదా అని అడుగుతారు. 5050 రకం (అంటే గింజ 5 మిల్లీమీటర్ల చదరం), మీటరుకి 60 గింజలుండే 12 వోల్టుల పట్టీ నిండుగా వెలిగితే మీటరుకి 14 వాట్ల పైనే తాగుతుంది. అంత కరెంటు చిన్న బ్యాటరీతో ఎక్కువసేపు రాదు, అందుకని కొందరు బండి బ్యాటరీ నుంచే హెల్మెట్‌కి వైరు లాగుతున్నారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. పడిపోయినప్పుడు మనిషి బండికి దూరంగా జారిపోవాలి. తలని బండికి కట్టేసే వైరు ఏదీ ఉండకూడదు.

బ్యాటరీ డబ్బాది ఇంకో గొడవ. మాకొచ్చిన ఆ నల్ల డబ్బాలో ఉన్నది మెత్తటి సంచిలాంటి లిథియం పాలిమర్ సెల్. మూత ఊడదీసి చూస్తే నా కిట్‌లో సెల్ అప్పటికే ఉబ్బి, మూతని పైకి తోస్తోంది. ఇలాంటి సెల్ 4.2 వోల్టులు దాటి చార్జ్ అయినా, నలిగినా, పొడుచుకుపోయినా వేడెక్కి మంటలు రావచ్చు. దాన్ని అంటించమన్న చోటు హెల్మెట్ వెనక, మెడకి కాస్త పైన. వెల్లకిలా పడితే ముందు నేలకి తగిలేది ఆ డబ్బాయే. గట్టి డబ్బా ఒకటి పెంకుకీ నేలకీ మధ్య ఉంటే, పెంకు అంతటా పరుచుకోవలసిన దెబ్బ ఆ ఒక్క చోటే దిగుతుంది. పక్కకి పడి రోడ్డు మీద రాసుకుంటూ పోయేటప్పుడు హెల్మెట్ జారాలి. పైకి లేచి ఉన్న ముక్క నేలకి పట్టుకుంటే తల ఒక్కసారిగా తిరుగుతుంది, మెదడుకి ఎక్కువ హాని చేసేది ఆ మెలికే. అందుకే ఎఫ్ఎంవీఎస్ఎస్ 218 పెంకు బయట గట్టి ముక్క ఏదీ 5 మిల్లీమీటర్లకి మించి పొడుచుకు రాకూడదంటుంది, అదీ తప్పనిసరి అయిన వాటికే. ఐరోపా పక్క ఈసీఈ 22.06 ప్రమాణం 2021లో అమల్లోకి వచ్చింది. అందులో తల మెలికపడే దెబ్బకి వేరే పరీక్ష పెట్టారు. కంపెనీ తన హెల్మెట్‌కి అమర్చే సామాను ఏదైనా ఉంటే దాన్నీ పరీక్షిస్తారు. బయట కొని మనం అంటించుకునే డబ్బాని ఎవరూ పరీక్షించలేదు.

రంగుల గురించి కూడా ఒక మాట. చాలా దేశాల్లో మిణుకుమనే నీలం, ఎరుపు లైట్లు పోలీసు బండ్లకీ అంబులెన్సులకీ మాత్రమే. కిట్‌లో ఆ మోడ్ కూడా ఇచ్చారు. వైజర్ అంచుకి దగ్గరగా అంటిస్తే ఆ వెలుగు వైజర్ లోపలికీ వస్తుంది. వైజర్ మీద ఉన్న ప్రతి చిన్న గీతా మెరుస్తుంది. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటుపడడానికి అరగంట దాకా పడుతుంది, ఆ అలవాటుని చెడగొట్టడానికి కంటి పక్కన చిన్న వెలుగు చాలు.

అమ్మినవాళ్లని అడిగాను. వాడిన వస్తువు వెనక్కి తీసుకోం అన్నారు. పగుళ్ల ఫోటోలు పంపితే, హెల్మెట్ నాసిరకం అయ్యుంటుంది అన్నారు. సీసాలో ఏముందో చెప్పమని మళ్లీ మళ్లీ అడిగినా జవాబు లేదు. కిట్ డబ్బు పోయినందుకు నాకంత బాధ లేదు. ఏముందో చెప్పలేని మందుని తలమీద పెట్టుకునే వస్తువుకి రుద్దమని కాగితం మీద అచ్చువేసి అమ్ముతున్నారు, నా కోపమంతా దానిమీదే. రివ్యూల్లో ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లలో చాలామంది పెట్టె విప్పిన రోజే రాసినట్టున్నారు. ఫోటోల్లో ఒక్క హెల్మెట్ మీదా దుమ్ము లేదు.

ఇప్పటికే అంటించుకున్నవాళ్లు ముందు బ్యాటరీ డబ్బా తీసేయండి. ఉబ్బి ఉంటే చార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి. పట్టీ పీకేటప్పుడు జిగురు వదలట్లేదని పెట్రోలు గానీ థిన్నర్ గానీ వాడితే ఉన్న నష్టం రెట్టింపవుతుంది. గోరువెచ్చటి నీళ్లు, తేలికపాటి సబ్బు చాలు, ఓపిగ్గా రుద్దాలి. హెయిర్ డ్రయ్యర్ వేడి కూడా వద్దు, లోపలి థర్మోకోల్ వేడికి మెత్తబడుతుంది. తర్వాత గుడ్డ పొరలన్నీ ఊడదీసి పగటి వెలుతురులో స్క్రూల చుట్టూ, గాలి రంధ్రాల అంచుల్లో, పట్టీ ఉన్న దారంతా చూడండి. గీతలో గోరు ఆగినా, రంగు మసకబారినా, థర్మోకోల్‌లో ఎక్కడైనా గుంట కనబడినా ఆ హెల్మెట్ పని అయిపోయింది. గడ్డం పట్టీ కోసేసి పారేయండి, ఎవరికీ ఇవ్వకండి. గీత కనబడకపోయినా ఆ సీసా మందు రుద్ది ఉంటే నేనైతే దాన్ని నమ్మను. నా ఫైబర్‌గ్లాస్ హెల్మెట్ కూడా మార్చేశాను.

రాత్రి కనబడాలన్న కోరిక సరైనదే, దాన్ని వదులుకోమనట్లేదు. లైటు పడగానే మెరిసే రిఫ్లెక్టివ్ స్టిక్కర్లకి బ్యాటరీ అక్కర్లేదు, పెంకు మీదనుంచి పొడుచుకు రావు. ఫ్రాన్స్‌లో హెల్మెట్ మీద వాటిని తప్పనిసరి కూడా చేశారు. అయితే మీ హెల్మెట్ చీటీలో స్టిక్కర్ వద్దని ఉంటే, కంపెనీనే అడిగి వాళ్లు సరే అన్నవే అంటించండి. వెలుగే కావాలంటే బ్యాగు వెనకకో జాకెట్‌కో తగిలించుకునే లైటు తీసుకోండి. రిఫ్లెక్టివ్ కోటు వేసుకుంటే ఇంకా దూరం నుంచి కనబడతారు. లైటుతో సహా కంపెనీయే తయారుచేసి, అలాగే పరీక్షకి పంపిన హెల్మెట్లు కూడా దొరుకుతున్నాయి. తమ్ముడు ఇప్పుడు మామూలు హెల్మెట్టే కొనుక్కున్నాడు, బ్యాగుకి ఎర్రలైటు తగిలించుకుని తిరుగుతున్నాడు.

మీకొచ్చిన కిట్‌లో కూడా పేరులేని సీసా ఉంటే దాన్ని పారేయకుండా, కాగితంతో కలిపి ఫోటో తీసి పెట్టుకోండి. అమ్మినవాళ్ల మీద ఫిర్యాదు చేసేటప్పుడు పనికొచ్చేది అదే.