ద్వారకానగర్‌లో ఆరు వారాల ఆంగ్ల పఠన తరగతి: ఒక తండ్రి అభిప్రాయం

తొమ్మిదో తరగతికి వెళ్లబోతున్న మా అమ్మాయిని ఈ వేసవిలో విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక శిక్షణ కేంద్రానికి 3,000 రూపాయలు కట్టి పంపించాము. అక్కడ నేర్పేది ఎస్‌క్యూత్రీఆర్ (SQ3R) అనే ఐదు మెట్ల పఠన పద్ధతి. పాఠాన్ని ముందు పైపైన చూసి, శీర్షికలను ప్రశ్నలుగా మార్చుకొని, జవాబుల కోసం చదివి, పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పుకొని, చివరకు మొత్తం మరొకసారి తిరగేయాలని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1946లో వెలువడిన తన పుస్తకంలో వివరించిన క్రమమే ఇది.

తల్లిదండ్రులను కూర్చోనిచ్చిన రోజున మన బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి గురించిన రెండు పేజీల పాఠం చదివించారు. 1969లో నౌకాదళంలో చేరిన ఆ జలాంతర్గామిని ఇసుక మీదికి ఎందుకు తెచ్చారని మా అమ్మాయి పేజీ అంచున పెన్సిల్‌తో ప్రశ్న రాసుకుంది. తర్వాత ‘డీకమిషన్డ్’ అన్న మాట దగ్గర ఆగి, కమిషన్ అంటే ఇల్లు చూపించిన బ్రోకరు తీసుకునేది కదా అని పక్కనున్న పిల్లను అడిగింది. ఉపాధ్యాయురాలు అర్థం చెప్పకుండా తర్వాతి వాక్యం చదవమన్నారు. ముప్పై ఒక్క ఏళ్ల సేవ 2001లో ముగిసిందని అందులో ఉండడంతో సంగతి దానంతట అదే తేలిపోయింది. ఇంట్లో నేనైతే వెంటనే ఫోన్‌లో వెతికి అర్థం చెప్పేసేవాడిని.

అసలు లోటు నాలుగో మెట్టు దగ్గర కనిపించింది. చదివినది నిలిచిందో లేదో తేలేది పుస్తకం మూసినప్పుడే అయినా, ఇరవై ఎనిమిది మంది ఉన్న తరగతిలో గంటన్నరలో ముగ్గురికో నలుగురికో తప్ప చెప్పే వంతు రాలేదు. ఇద్దరిద్దరిని జతలుగా కూర్చోబెట్టి ఒకరికొకరు చెప్పుకోమనవచ్చు కదా అంటే, నిర్వాహకులు “చూస్తామండీ” అన్నారు; కోర్సు ముగిసేవరకూ చూస్తూనే ఉన్నారు. తడబడిన పిల్లలను తెలుగులో ఒక్క మాటైనా అననివ్వకపోవడం కూడా నాకు నచ్చలేదు. కథకూ ఇదే కొలత వాడి చివరి పేరాను ముందే చూడమనడంతో, దొంగ ఎవరో మొదటి నిమిషంలోనే తెలిసిపోయి పిల్లలకు ఆ కథ మీద ఆసక్తి పోయింది.

ద్వారకానగర్‌లో బండి పెట్టుకునే చోటు గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మా అమ్మాయి సాంఘిక శాస్త్రం పుస్తకాన్ని మూసి, సగం తెలుగు సగం ఇంగ్లీషులో వాళ్ల నానమ్మకు పాఠం చెబుతోంది. మా చిన్నవాడిని కూడా పంపాలనే ఉంది కానీ, డబ్బు కట్టే ముందు బ్యాచ్‌లో ఎంతమంది పిల్లలుంటారో అడుగుతాను.